చెవిలో మోతకు సౌండ్ థెరపీ: ఎవరికి పనిచేస్తుందో ముందే తెలుస్తుందా?

ఇంట్లో అందరూ పడుకున్నాక, టీవీ ఆపేశాక, వీధిలో బండ్ల చప్పుడు తగ్గాక కొందరికి అసలు గోల అప్పుడే మొదలవుతుంది. చెవిలో గుయ్‌మని ఒకటే మోత. కొందరికి ఈల వేసినట్టు, కొందరికి కీచురాయి అరిచినట్టు, ఇంకొందరికి కుక్కర్ ఆవిరి వదిలినట్టు వినిపిస్తుంది. పక్కన ఉన్నవాళ్లకు మాత్రం ఏమీ వినపడదు. అబ్బాజాన్ నెలల తరబడి నిద్ర పట్టడం లేదంటున్నా, ఇంట్లోవాళ్లకు ఆ బాధ ఎంతో అర్థం కాదు.

తెలుగులో దీన్ని చెవిలో మోత, చెవి హోరు అంటారు. ఉర్దూ మాట్లాడే ఇళ్లల్లో ‘కాన్ బజ్‌నా’ అంటారు. అరబ్బీలో దీని పేరు ‘తనీన్’. దాదాపు వెయ్యేళ్ల కిందటే ఇబ్న్ సీనా తన ‘అల్ ఖానూన్’ గ్రంథంలో చెవి జబ్బుల దగ్గర దీని గురించి రాశారు. డాక్టర్ల భాషలో ఇది టిన్నిటస్. మూడు నుంచి ఆరు నెలలు దాటినా తగ్గకపోతే దీర్ఘకాలిక టిన్నిటస్‌గా లెక్కిస్తారు.

దీనికి ఇచ్చే చికిత్సల్లో ఎక్కువగా వినిపించే పేరు సౌండ్ థెరపీ. శబ్దంతోనే శబ్దం బాధ తగ్గించడం అన్నమాట. కొందరికి దీంతో చాలా హాయిగా ఉంటుంది. కొందరు వేలకు వేలు ఖర్చు పెట్టి మిషన్ కొని, నెల తర్వాత బీరువాలో పెట్టేస్తారు. అందుకే డబ్బు కట్టే ముందు ప్రతి కుటుంబం అడిగే ప్రశ్న ఒకటే: మా మనిషికి ఇది పనిచేస్తుందా, లేదా? ముందే చెప్పగలరా?

సూటిగా చెప్పాలంటే, కచ్చితంగా చెప్పే పరీక్ష ఇంకా రాలేదు. అయితే అవకాశం ఎక్కువా తక్కువా అని అంచనా వేయడానికి పనికొచ్చే గుర్తులు కొన్ని ఉన్నాయి. అవి తెలిస్తే డబ్బు, సమయం, ఆశ మూడూ వృథా కాకుండా చూసుకోవచ్చు.

ఈ మోత ఎక్కడి నుంచి వస్తుంది?

2022లో ప్రపంచవ్యాప్త అధ్యయనాలన్నీ కలిపి వేసిన ఒక లెక్క ప్రకారం పెద్దవాళ్లలో దాదాపు 14 శాతం మందికి, అంటే 74 కోట్ల మందికి పైగా, ఎప్పుడో ఒకప్పుడు టిన్నిటస్ అనుభవం ఉంది. వీళ్లలో 12 కోట్ల మందికి పైగా దీన్ని తీవ్రమైన సమస్యగా చెబుతున్నారు. అంటే మోత వినిపించే వాళ్లు ఎక్కువ, దాంతో జీవితం తలకిందులయ్యే వాళ్లు తక్కువ. ఈ తేడా గుర్తుంచుకోవాలి. తర్వాత వచ్చే లెక్కలన్నీ దీని మీదే ఆధారపడి ఉన్నాయి.

చాలామందిలో దీని మూలం వినికిడి తగ్గడమే. వయసు వల్ల గానీ, కార్ఖానా మిషన్ల రొద, డీజే సౌండ్, పటాసుల వల్ల గానీ లోపలి చెవిలోని సున్నితమైన కణాలు దెబ్బతింటాయి. చెవి నుంచి రావాల్సిన సిగ్నల్ తగ్గినప్పుడు మెదడు తన వాల్యూమ్ తానే పెంచుకుంటుందని శాస్త్రవేత్తల వివరణ. స్టేషన్ దొరకని రేడియోకి వాల్యూమ్ పెంచితే గరగర వినిపించినట్టు, మెదడు సొంత శబ్దమే మోతలాగా వినిపిస్తుంది.

అయితే మోత వినిపించడం వేరు, దాని వల్ల బాధపడటం వేరు. ఆడియాలజిస్టులు మోత ఎంత గట్టిగా ఉందో యంత్రంతో పోల్చి చూస్తే, చాలామందిలో అది వాళ్లు వినగలిగే కనీస శబ్దం కంటే కొద్ది డెసిబెల్స్ మాత్రమే ఎక్కువ ఉంటుంది. అంత చిన్న మోతతోనే ఒకరు నిద్ర లేక అల్లాడిపోతారు, మరొకరు పట్టించుకోకుండా దుకాణం నడుపుకుంటారు. మెదడులో భయం, ఆందోళన, శ్రద్ధకు సంబంధించిన భాగాలు ఆ శబ్దాన్ని ‘ప్రమాదం’ అని పట్టుకుంటే బాధ పెరుగుతుంది. 1990లో పావెల్ జాస్ట్రెబాఫ్ అనే శాస్త్రవేత్త ఈ నమూనాను ముందుకు తెచ్చారు. టిన్నిటస్ రీట్రైనింగ్ థెరపీ దాని మీదే నిలబడింది.

సౌండ్ థెరపీ అంటే ఏం చేస్తారు?

ఈ పేరు కింద చాలా రకాలు ఉన్నాయి.

మొదటిది మాస్కింగ్. బయటి శబ్దంతో మోతను కప్పేయడం. 1970లలో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో జాక్ వెర్నన్ అనే పరిశోధకుడు దీన్ని పద్ధతిగా తీర్చిదిద్దారు. ఆయనతో నడుస్తున్న ఒక టిన్నిటస్ డాక్టర్, నగరంలోని ఫౌంటెన్ దగ్గర నీళ్ల హోరులో తన మోత వినిపించకపోవడం గమనించారట. అక్కడి నుంచి ఈ ఆలోచన బలపడింది.

రెండోది అలవాటు చేయడం. ఇక్కడ శబ్దాన్ని మోత కంటే కాస్త తక్కువగానే పెడతారు. మోత వినిపిస్తూనే ఉంటుంది, కానీ మెదడు మెల్లమెల్లగా దాన్ని పట్టించుకోవడం మానేయాలి. ఇంట్లో ఫ్యాన్ చప్పుడు కొన్ని నిమిషాలకు మన గమనంలోంచి జారిపోయినట్టు.

మూడోది హియరింగ్ ఎయిడ్. మన ఇళ్లల్లో చెవి మిషన్ అంటారు. వినికిడి తగ్గినవాళ్లకు బయటి శబ్దాలు మళ్లీ అందితే మోత వెనక్కి పోతుంది. కొన్ని మిషన్లలో సౌండ్ జనరేటర్ కూడా కలిపే ఉంటుంది.

ఇవి కాక వైట్ నాయిస్, వాన శబ్దం ఇచ్చే ఫోన్ యాప్‌లు, మోత స్థాయికి తగ్గట్టు మార్చిన సంగీతం, శబ్దంతో పాటు నాలుక మీద స్వల్ప కరెంట్ ఇచ్చే పరికరాలు కూడా వచ్చాయి.

సగటు లెక్క ఏం చెబుతోంది?

వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే కాక్రేన్ సంస్థ 2018లో 8 అధ్యయనాలను, 590 మంది రోగుల వివరాలను పరిశీలించింది. ఏమీ ఇవ్వకుండా వేచి ఉంచడం కంటే గానీ, ఉత్తుత్తి పరికరం కంటే గానీ సౌండ్ థెరపీ మెరుగని చెప్పడానికి ఆధారం దొరకలేదని తేల్చింది. ఒక రకం పరికరం మరో రకం కంటే గొప్పదని కూడా తేలలేదు.

2019లో అమెరికా సైనిక ఆసుపత్రుల్లో జరిగిన ట్రయల్ ఇంకా ఆసక్తికరం. 151 మందిని మూడు గుంపులుగా చేశారు. ఒక గుంపుకు కౌన్సెలింగ్, పనిచేసే సౌండ్ జనరేటర్. రెండో గుంపుకు అదే కౌన్సెలింగ్, కానీ ఉత్తుత్తి జనరేటర్. మూడో గుంపుకు మామూలు వైద్యం. 18 నెలల తర్వాత మూడు గుంపుల్లోనూ బాధ తగ్గింది. గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా మాత్రం లేదు.

ఇది చదివి ‘అయితే సౌండ్ థెరపీ దండగే’ అనుకుంటే తొందరపడినట్టే. సగటులో ఇద్దరు దాగి ఉండవచ్చు, బాగా లాభపడ్డవాడు ఒకడు, ఏమాత్రం లాభం లేనివాడు మరొకడు. పది దుకాణాల సగటు లాభం సున్నా అయితే, పదీ సున్నా దగ్గరే ఉన్నాయని కాదు కదా. ఆ ఇద్దరినీ ముందే వేరు చేయడం ఎలా అన్నదే ఇప్పుడు పరిశోధకుల ముందున్న పని.

ఐరోపాలో యునైటీ అనే పెద్ద ప్రాజెక్టు ఈ ప్రశ్నతోనే మొదలైంది. ఏథెన్స్, బెర్లిన్, గ్రనాడా, లూవెన్, రీగెన్స్‌బర్గ్ నగరాల్లో 461 మంది దీర్ఘకాలిక రోగులకు 12 వారాల పాటు చికిత్స ఇచ్చారు. హియరింగ్ ఎయిడ్, కౌన్సెలింగ్, సౌండ్ థెరపీ, ఆలోచనా తీరు మార్చే సీబీటీ అనే మానసిక చికిత్స. వీటిని కొందరికి ఒక్కొక్కటిగా, కొందరికి రెండేసి కలిపి ఇచ్చారు. రెండు కలిపినప్పుడు సగటున మెరుగుదల ఎక్కువ కనిపించింది. సౌండ్ థెరపీ ఒంటరిగా ఇస్తే బలహీనంగానే ఉంది, తోడు దొరికితే మెరుగైంది. కుటుంబాలు పట్టుకోవాల్సిన మొదటి గుర్తు ఇదే: శబ్దం ఒక్కదాని మీదే ఆశ పెట్టుకోవద్దు.

ఎవరికి పనిచేయొచ్చు? డాక్టర్లు చూసే గుర్తులు

1. వినికిడి ఎంత తగ్గింది: అన్నిటికంటే ముందు చూడాల్సింది ఆడియోగ్రామ్. వినికిడి లోపం ఉండి మోత కూడా ఉంటే హియరింగ్ ఎయిడ్‌తో లాభం ఉండే అవకాశం ఎక్కువ. అమెరికా ఈఎన్‌టీ డాక్టర్ల సంఘం 2014 మార్గదర్శకాలు ఇలాంటివారికి హియరింగ్ ఎయిడ్ పరీక్ష సిఫారసు చేశాయి. సౌండ్ థెరపీని మాత్రం ‘కావాలంటే ప్రయత్నించవచ్చు’ అనే స్థాయిలోనే ఉంచాయి. బ్రిటన్‌లో 2020లో వచ్చిన నైస్ మార్గదర్శకాలు, వినికిడి లోపం లేనివారికి మోత కోసమే హియరింగ్ ఎయిడ్ ఇవ్వొద్దని స్పష్టంగా చెప్పాయి.

2. మోత ఏ స్థాయిలో ఉంది: ఆడియాలజిస్ట్ రకరకాల శబ్దాలు వినిపించి, మీ మోత దేనికి దగ్గరగా ఉందో చూస్తారు. దీన్ని పిచ్ మ్యాచింగ్ అంటారు. మోత పిచ్ హియరింగ్ ఎయిడ్ పెంచగలిగే శబ్దాల పరిధిలో ఉంటే ఫలితం మెరుగ్గా ఉంటుందని 2012లో వచ్చిన ఒక అధ్యయనంలో తేలింది. కింది స్థాయి శబ్దాలు బాగా వినిపించేవాళ్లకు కూడా లాభం ఎక్కువ కనిపించింది. మోత మరీ సన్నటి ఈలలాగా, మిషన్ అందుకోలేని ఎత్తులో ఉంటే ఆశ తగ్గించుకోవాలి.

3. శబ్దం ఆగాక ఏమవుతుంది: కొందరికి నిమిషం పాటు శబ్దం వినిపించి ఆపేస్తే, కొన్ని క్షణాలో నిమిషాలో మోత తగ్గుతుంది, లేదా మాయమవుతుంది. దీన్ని రెసిడ్యువల్ ఇన్హిబిషన్ అంటారు. అలాగే ఎంత తక్కువ శబ్దంతో మోత కప్పబడుతుందో కూడా కొలుస్తారు. చిన్న శబ్దానికే కప్పబడితే మాస్కింగ్ సులువు. కప్పడానికి చెవులు దిమ్మెత్తే శబ్దం కావాలంటే మాస్కింగ్ మంచి దారి కాదు. క్లినిక్‌లో కనిపించిన ఈ ఫలితం నెలల తరబడి నిలుస్తుందన్న గ్యారంటీ మాత్రం లేదు.

4. బాధ ఎంత ఉంది: మొదట్లో బాధ స్కోరు ఎక్కువ ఉన్నవాళ్లలో ఎక్కువ తగ్గుదల కనిపిస్తుంది. నాలుక మీద కరెంట్ ఇచ్చే లెనైర్ పరికరాన్ని 112 మందిపై పరీక్షించారు. మొదటి 6 వారాలు శబ్దం మాత్రమే, తర్వాత 6 వారాలు శబ్దంతో పాటు నాలుకకు కరెంట్. మధ్యస్థం, అంతకంటే ఎక్కువ బాధ ఉన్నవారిలో మొదటి దశలో 43.2 శాతం మందికి, రెండో దశలో 58.6 శాతం మందికి చెప్పుకోదగ్గ మెరుగుదల వచ్చింది. 2023లో అమెరికా ఎఫ్‌డీఏ కూడా కనీసం మధ్యస్థ స్థాయి బాధ ఉన్నవారికే దీన్ని అనుమతించింది. ఆ ట్రయల్ జరిపించింది పరికరం తయారుచేసే కంపెనీయే అన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఇక్కడ ఒక మోసం దాగి ఉంది. మనిషి బాధ మరీ ఎక్కువైన రోజుల్లోనే ఆసుపత్రికి వెళ్తాడు. మందు వేసినా వేయకపోయినా, ఆ తర్వాత బాధ కాస్త దిగడం సహజం. ఆ దిగడాన్ని మిషన్ ఖాతాలో రాసేస్తే లెక్క తప్పుతుంది.

5. నిద్ర, దిగులు, భయం: ఆందోళన, డిప్రెషన్, నిద్రలేమి ఉంటే వాటిని వదిలేసి చెవికి మాత్రమే శబ్దం ఇస్తే ఫలితం అంతంత మాత్రమే. టిన్నిటస్ బాధ తగ్గించడంలో సీబీటీకి మెరుగైన ఆధారాలున్నాయి. కాక్రేన్ 2020లో 28 అధ్యయనాలు చూసి ఈ మాట చెప్పింది. ‘పిచ్చి డాక్టర్ దగ్గరికా?’ అని సిగ్గుపడాల్సిన పని లేదు. మామూలు శబ్దాలు కూడా భరించలేని లక్షణం ఉంటే డాక్టర్‌కు ముందే చెప్పాలి. అలాంటివారికి శబ్దం చాలా మెల్లగా అలవాటు చేయాలి.

6. రోజుకు ఎన్ని గంటలు వాడతారు: డ్రాయర్‌లో ఉన్న మిషన్ ఎవరికీ పనిచేయదు. రోజూ చాలా గంటలు, నెలల తరబడి వాడగలరా అన్నది ముందే ఇంట్లో మాట్లాడుకోవాలి. మిషన్ పెట్టుకుంటే వయసైపోయిందంటారని మొహమాటపడే పెద్దవాళ్లకు ఇంట్లోవాళ్ల మాట చాలా బలం.

మెదడు స్కాన్, ఏఐ ముందే చెబుతాయా?

ఈ దిశలో పరిశోధనలు జరుగుతున్నాయి. చైనాలో బీజింగ్ ఫ్రెండ్‌షిప్ హాస్పిటల్ పరిశోధకులు కొన్ని నెలల సౌండ్ థెరపీకి ముందు రోగుల మెదడును ఎంఆర్ఐ తీసి, ఫలితం వచ్చినవాళ్లకు, రానివాళ్లకు మెదడు భాగాల మధ్య సంబంధాల్లో తేడాలున్నాయా అని వెతికారు. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ యూనివర్సిటీ బృందం తలకు వైర్లు పెట్టి తీసే ఈఈజీ రికార్డులను, ప్రశ్నావళి స్కోర్లను కంప్యూటర్ మోడల్‌కు ఇచ్చి ఫలితం ఊహించేలా చేసింది.

పేపర్ల మీద ఈ మోడళ్ల అంచనాలు ఆశాజనకంగానే ఉన్నాయి. కానీ ఇలాంటి అధ్యయనాల్లో మనుషుల సంఖ్య తక్కువ. పాత ఖాతా పుస్తకం చూసి పోయినేడాది లాభం ఎందుకు వచ్చిందో చెప్పడం సులువు, వచ్చే ఏడాది లాభం చెప్పడం కష్టం. ఒక ఆసుపత్రి రోగులతో తయారైన మోడల్ మరో దేశంలో, మరో వయసువాళ్లకు కూడా సరిపోతుందని రుజువైతేనే మామూలు వైద్యంలోకి వస్తుంది. కాబట్టి ‘బ్రెయిన్ మ్యాపింగ్ చేసి మీకు థెరపీ పనిచేస్తుందో లేదో కచ్చితంగా చెబుతాం’ అని ఎవరైనా డబ్బు అడిగితే ఆలోచించాలి.

ముందే చెప్పలేనప్పుడు, కొలిచి చూడటమే దారి

ఇంట్లో జమాఖర్చు రాసుకున్నట్టే దీనికీ లెక్క పెట్టుకోవచ్చు. డాక్టర్లు వాడే టిన్నిటస్ హ్యాండికాప్ ఇన్వెంటరీ 1996లో వచ్చింది. 25 ప్రశ్నలు. అవును అంటే 4, అప్పుడప్పుడు అంటే 2, కాదు అంటే 0. మొత్తం 100. స్కోరు 16 దాకా అయితే నామమాత్రం, 18 నుంచి 36 తేలిక, 38 నుంచి 56 మధ్యస్థం, 58 నుంచి 76 తీవ్రం, 78 నుంచి 100 అతి తీవ్రం.

థెరపీ మొదలుపెట్టే రోజు ఈ స్కోరు రాసి పెట్టుకోవాలి. ఇది ఓపెనింగ్ బ్యాలెన్స్. మూడు నెలలకు మళ్లీ నింపాలి. కనీసం 7 పాయింట్లు తగ్గితే మనిషికి తేడా తెలిసే స్థాయి అని పరిశోధకుల అంచనా. 20 పాయింట్లు తగ్గితేనే నమ్ముతామన్న కఠినమైన లెక్క కూడా ఉంది. ఉదాహరణకు 62 ఉన్న స్కోరు 40కి దిగితే మంచి మార్పే. 62 కాస్తా 60 అయితే ‘ఇంకో ఆరు నెలలు చూద్దాం’ అని మరో ఖరీదైన మిషన్ కొనే ముందు, కౌన్సెలింగ్, సీబీటీ కలిపి చూడాలి.

మిషన్ కొనే ముందు కొన్ని ప్రశ్నలు అడగాలి. ట్రయల్‌కు ఇస్తారా? నచ్చకపోతే డబ్బు వెనక్కి ఇస్తారా? ఫిట్టింగ్, తర్వాతి సర్దుబాట్లు ధరలో కలిసే ఉన్నాయా? ఈ షరతులు కాగితం మీద రాయించుకోవాలి. వినికిడి బాగానే ఉన్నవాళ్లు ముందు పైసా ఖర్చు లేని పద్ధతి చూడొచ్చు: పడకగదిలో ఫ్యాన్, ఫోన్‌లో వాన శబ్దం, చిన్న స్పీకర్.

శబ్దం ఎప్పుడూ మెల్లగానే ఉండాలి. పక్కవాళ్లతో మామూలు గొంతుతో మాట్లాడగలిగేంత. ఇయర్‌ఫోన్లు పెట్టి గట్టిగా వింటే ఉన్న వినికిడి కూడా పోతుంది.

మన ఇళ్లల్లో చాలామంది అడిగేది ఇంకొకటి ఉంది: రాత్రంతా తిలావత్ పెట్టుకోవచ్చా? దాంతో మనసుకు నెమ్మది కలిగితే అది వేరే మేలు. కానీ థెరపీ శబ్దం పని వేరు. అది వినీ విననట్టు ఉండి, మెదడు మరిచిపోవాల్సిన శబ్దం. తిలావత్ శ్రద్ధగా వినాల్సినది. మాటలున్న ఏ శబ్దమైనా మనసును తనవైపు లాగుతుంది. అందుకే థెరపీకి వాన, నీళ్ల చప్పుడు, గాలి లాంటి మాటలు లేని శబ్దాలే మేలు.

ఆలస్యం చేయకూడని సందర్భాలు

కొన్ని మోతలకు సౌండ్ థెరపీ గురించి ఆలోచించే సమయం లేదు. ఒక్కసారిగా ఒక చెవి వినపడకపోతే అదే రోజు, కుదరకపోతే మర్నాడే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. మొదటి రెండు వారాల్లోపు ఇచ్చే స్టెరాయిడ్ చికిత్సకే ఎక్కువ అవకాశం ఉంటుంది. గుండె కొట్టుకున్నట్టు లయగా వినిపించే మోత, ఒకే చెవిలో నిలిచిపోయిన మోత, మోతతో పాటు కళ్లు తిరగడం, ముఖం వంకర పోవడం, తలకు దెబ్బ తగలడం, చెవి నుంచి చీము కారడం ఉన్నా పరీక్ష తప్పనిసరి. కొన్నిసార్లు చెవిలో గులిమి గట్టిపడటం, వాడుతున్న మందులే కారణం కావచ్చు. డాక్టర్‌ను అడగకుండా మందు మాత్రం ఆపొద్దు.

జింకో, జింక్ లాంటి సప్లిమెంట్లు టిన్నిటస్‌కు సిఫారసు చేయొద్దని అమెరికా మార్గదర్శకాలు చెప్పాయి. బీటాహిస్టిన్ మాత్రలను మోత కోసమే ఇవ్వొద్దని బ్రిటన్ మార్గదర్శకాలు చెప్పాయి. ఈ మోతతో బతకలేనన్న మాట ఎవరైనా అంటే తేలిగ్గా తీసుకోవద్దు. వాళ్లను ఒంటరిగా వదలకుండా టెలి మానస్ ఉచిత హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయాలి.

ఎక్కడ చూపించుకోవాలి?

హైదరాబాద్‌లో కోఠి ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి, విశాఖపట్నంలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉన్నాయి. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈఎన్‌టీ విభాగాలు ఉంటాయి. సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ వాక్, శ్రవణ వైకల్యాల సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఈ సంస్థ ప్రధాన కేంద్రం 1983లో ముంబైలో మొదలైంది. ఉస్మానియా యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్‌గా, మహారాష్ట్ర గవర్నర్‌గా పనిచేసిన హైదరాబాదీ నవాబ్ అలీ యావర్ జంగ్ పేరే దానికి పెట్టారు. వినికిడి వైకల్యం ఉన్న తక్కువ ఆదాయ కుటుంబాలకు కేంద్ర ప్రభుత్వ ఏడిప్ పథకం కింద హియరింగ్ ఎయిడ్‌కు సాయం అందుతుంది. అర్హత వివరాలు అక్కడే కనుక్కోవచ్చు.

వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద నాలుగు విషయాలు రాసుకుని వెళ్తే డాక్టర్ సమయం కలిసొస్తుంది: మోత ఎప్పటి నుంచి, ఏ చెవిలో, ఎలాంటి శబ్దం, రాత్రి ఎన్ని గంటలు నిద్ర. ఇంట్లోవాళ్లు ఒకరు తోడు వెళ్తే ఇంకా మంచిది. మోత ఒక్కరికే వినిపించినా, మూడు నెలలు రోజూ మిషన్ పెట్టుకునేలా చూడటం, స్కోరు రాసి ఉంచడం ఇంట్లో అందరూ పంచుకోగల పనే.